డీప్ పర్పుల్ ఇక విశ్రమించాలని అభిమాని కోరుకోవచ్చునా?

కెరటం, పెదవాల్తేరు

ఇంగ్లండు రాక్ బృందం డీప్ పర్పుల్ సంగీతాన్ని ఇష్టపడేవాళ్లు మన విశాఖలో ఇంకా ఉన్నారన్న నమ్మకంతో ఈ ప్రశ్న అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నందుకు మన్నించండి. నేపథ్యం చెప్పకపోతే నా ప్రశ్నలోని బాధ అర్థం కాదు.

మా మావయ్య సరకు ఓడల్లో ఇంజన్ ఫిట్టరుగా పనిచేశారు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ సబ్బులు, సెంటు సీసాలు, చాక్లెట్లు తెచ్చేవారు. తనకోసం మాత్రం క్యాసెట్లు తెచ్చుకునేవారు. నేను ఏడో తరగతి చదువుతున్న రోజుల్లో ఆయన పెట్టెలోంచి వచ్చిన 'మేడ్ ఇన్ జపాన్' క్యాసెట్టే నాకు ఈ సంగీతాన్ని పరిచయం చేసింది. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యోలోనూ జరిగిన కచేరీల నుంచి ఏర్చికూర్చిన ఆల్బమ్ అది. ఇక్కడ మన దేశమంతా స్వాతంత్ర్య రజతోత్సవం జరుపుకుంటున్న రోజునే అక్కడ ఆ అయిదుగురూ వేదిక ఎక్కారని మావయ్య ప్రతిసారీ గుర్తుచేసేవారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా మేడమీది గది కిటికీ రెక్కలు ఊడిపోయి, క్యాసెట్లున్న అట్టపెట్టె రాత్రంతా వాననీటిలో నానింది. కరెంటు లేని ఆ రోజుల్లో మావయ్యా నేనూ వరండాలో కూర్చుని, ఒక్కొక్క క్యాసెట్టుకు ఉన్న అయిదు బుల్లి స్క్రూలు విప్పి, టేపు చుట్టలను బయటికి తీసి, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి తుడిచి, పాత పంచె మీద నీడన ఆరబెట్టాము. అరవైకి పైగా ఉన్నవాటిలో పదకొండు మాత్రమే బతికాయి. ఆ పదకొండింటిలో 'మేడ్ ఇన్ జపాన్' ఉండడం మా ఇంట్లో ఇప్పటికీ పండుగలాంటి సంగతి.

ఇక ప్రశ్నకు వస్తాను. గాయకుడు ఇయాన్ గిల్లన్‌కు 2025 ఆగస్టుతో ఎనభై ఏళ్లు నిండాయి. తనకు ముప్పై శాతం చూపే మిగిలిందనీ, ఓపిక తగ్గిన రోజున పాడడం మానేస్తాననీ, ఆ రోజు మరీ దూరంలో లేదనీ ఆయన ఒక ముఖాముఖిలో చెప్పారు. 2017లో 'సుదీర్ఘ వీడ్కోలు' అనే అర్థం వచ్చే పేరుతో యాత్ర మొదలుపెట్టినవాళ్లు ఇన్నేళ్ల తర్వాత కూడా వేదికలు ఎక్కుతూనే ఉన్నారు. ఈమధ్య కచేరీల వీడియోలు చూస్తుంటే నాకు సంతోషమూ దిగులూ ఒక్కసారే కలుగుతున్నాయి. వాళ్లు ఇక విశ్రాంతి తీసుకుంటే బాగుండునని అనిపించిన మరుక్షణమే, అలా అనుకున్నందుకు నన్ను నేను కోప్పడుతున్నాను. పైగా గిల్లన్ తప్పుకుంటే ఆ బృందం ముగిసినట్టేనా? 1968 నుంచి ఇంతమంది మారినా నిలిచిన ఆ పేరు, అసలు ఎవరు మిగిలితే మిగిలినట్టు? పెద్దలూ అనుభవజ్ఞులూ మీ అభిప్రాయం చెప్పండి.


శ్రుతిపెట్టె, గోపాలపట్నం

కెరటం గారూ, నేను పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. హార్మోనియంతో మొదలైనవాణ్ణి కనుక నా సమాధానం ఆ బృందంలో జాన్ లార్డ్ వాయించిన హామండ్ ఆర్గన్ అనే కరెంటు కీబోర్డు నుంచే మొదలవుతుంది. మీ చివరి ప్రశ్నకు దారి కూడా అక్కడే ఉందని నా నమ్మకం.

ప్రపంచంలో గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునే 'స్మోక్ ఆన్ ద వాటర్' ఎత్తుగడను మన స్వరాల్లో చూడండి. స గ మ, ఆ తర్వాత స గ, వెంటనే ప్రతి మధ్యమాన్ని తాకి శుద్ధ మధ్యమానికి దిగడం, మళ్లీ స గ మ గ స. గాంధారం సాధారణ గాంధారం. మన పద్ధతిలో రెండు మధ్యమాలను అలా పక్కపక్కన ఉంచడానికి సాధారణంగా ఒప్పుకోము, కానీ ఆ పాటలోని కారమంతా ఆ చిన్న జారుడులోనే ఉంది. అంతేకాదు, గిటారు వాయించిన రిచీ బ్లాక్‌మోర్ ప్రతి స్వరాన్నీ దాని కింది నాలుగో స్వరంతో జత చేసి, అంటే షడ్జమానికి మంద్ర పంచమం తోడిచ్చి, మీటుడు బిళ్ల లేకుండా వేళ్లతోనే రెండు తీగలనూ ఒకేసారి లాగాడు. దానికి తోడుగా లార్డ్ తన ఆర్గన్‌ను గిటారు వాళ్లు వాడే మార్షల్ యాంప్లిఫయర్లకు కలిపి అదే స్వరాలను గరుకుగా మోగించాడు. నేను క్లాసులో ఈ నాలుగు స్వరాలు హార్మోనియం మీద వాయిస్తే, ఇంగ్లీషు పాట ఒక్కటీ వినని పిల్లలు కూడా తలెత్తి చూస్తారు.

ఆ పాట పుట్టుకే ఒక ప్రమాదం. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ ఊళ్లో అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చడంతో కాసినో భవనం మొత్తం తగలబడింది. మర్నాటి నుంచి అక్కడే ఆల్బమ్ రికార్డు చేయాలని వచ్చిన ఈ అయిదుగురూ జెనీవా సరస్సు మీద పొగ పరుచుకోవడం చూశారు. చివరికి చలికాలం కావడంతో మూసివేసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాల్లో పరుపులు అడ్డంపెట్టి, బయట నిలిపిన రోలింగ్ స్టోన్స్ వారి రికార్డింగు లారీకి తీగలు లాగి, 1972లో వచ్చిన 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌ను పూర్తిచేశారు. స్టూడియో లేదని వాళ్లు ఆగిపోలేదన్నది గమనించండి.

ఇప్పుడు పేరు సంగతి. అభిమానుల లెక్కలో ఆ బృందానికి ఇప్పటివరకు తొమ్మిది రూపాలున్నాయి. గిల్లన్, బేస్ గిటారు వాయించే రోజర్ గ్లోవర్ 1969లో చేరినవాళ్లే కానీ మూలపురుషులు కారు. 1973లో ఇద్దరూ వెళ్లిపోయారు, గాయకుడిగా డేవిడ్ కవర్‌డేల్ వచ్చారు, 1976లో బృందమే విడిపోయింది, 1984లో పాత అయిదుగురూ మళ్లీ కలిశారు, 1993లో బ్లాక్‌మోర్ శాశ్వతంగా తప్పుకున్నారు. స్టీవ్ మోర్స్ దాదాపు మూడు దశాబ్దాలు గిటారు వాయించి, క్యాన్సర్‌తో ఉన్న భార్యను చూసుకోవడానికి 2022లో సెలవు తీసుకుంటే, బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన సైమన్ మెక్‌బ్రైడ్ ఆ స్థానంలో నిలబడ్డారు. మెక్‌బ్రైడ్ పుట్టింది 1979లో, అంటే మీ క్యాసెట్టు వయసుకన్నా ఆయన వయసు చిన్నది. ఇన్ని మార్పుల్లోనూ మొదటి రోజు నుంచి ప్రతి ఆల్బమ్‌లోనూ ఉన్నది ఒక్కరే: డ్రమ్మర్ ఇయాన్ పేస్. 2016 జూన్‌లో స్వల్పంగా పక్షవాతపు లక్షణాలు వచ్చి కుడిచేతిలో స్పర్శ తగ్గితే కొన్ని కచేరీలు రద్దుచేసుకుని, కోలుకుని మళ్లీ అదే ఆసనంలో కూర్చున్నారు. మన కచేరీల్లో గాయకుడి పేరే బోర్డు మీద రాస్తారు, మృదంగ విద్వాంసుడి పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ మాత్రం బృందాన్ని ఇన్నేళ్లు మోసింది లయే.

జాన్ లార్డ్ 2002లో తానే పక్కకు జరిగి తన చోటును డాన్ ఎయిరీకి అప్పగించారు. అంతకుముందు ఏడాది మోకాలి గాయంతో లార్డ్ రాలేనప్పుడు ఎయిరీయే వచ్చి నిలబెట్టారు కూడా. అలా అప్పగించి వెళ్లడంలో నాకు కనిపించిన నిండుతనం ఇంకెందులోనూ కనిపించలేదు. లార్డ్ 2012 జులై 16న కన్నుమూశారు. 1969లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రాక్ బృందానికీ వాద్యబృందానికీ కలిపి ఆయన రాసిన కచేరీ కృతి స్వరపత్రాలు 1970లో పోయాయి. ఒక డచ్చి స్వరకర్త రికార్డును మళ్లీమళ్లీ విని, వీడియో చూసి, ఒక్కొక్క వాద్యం వాయించినది కాగితం మీద పెట్టి దానిని తిరిగి కట్టారు. 1999లో అదే హాల్లో మళ్లీ వాయించారు. మీరు వరండాలో టేపులు ఆరబెట్టిన సంగతి చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చారు. కాబట్టి నా మాట ఇది: పేస్ కర్రలు పట్టుకుని ఉన్నంతకాలం ఆ పేరు ఉన్నట్టే, ఆగమని కోరే హక్కు నాకు లేదు.


నల్ల స్పీకరు, గాజువాక

శ్రుతిపెట్టె గారి జ్ఞానానికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. నేను ముప్పై ఏళ్లుగా సభలకూ కచేరీలకూ సౌండ్ పెడుతున్నవాణ్ణి. వేదిక పక్కన మిక్సర్ దగ్గర నిలబడే మనిషికి పాడేవాళ్ల అవస్థ అందరికన్నా ముందు తెలుస్తుంది. గొంతు అందని చోట కోరస్ పెంచమని సైగ చేస్తారు, ప్రేక్షకుల చేత పాడించమని మైకు వాళ్ల వైపు తిప్పుతారు. ఆ సైగ చేసేటప్పుడు పెద్ద కళాకారుడి ముఖంలో కనిపించేది చూసినవాడెవడూ ఇంకా పాడమని అడగడు.

వీడ్కోలు చెప్పడానికి కూడా బలం కావాలి అన్నది నా వాదన. అమెరికాకు చెందిన ఏరోస్మిత్ బృందం 2023 సెప్టెంబరులో వీడ్కోలు యాత్ర మొదలుపెట్టింది. మూడంటే మూడు కచేరీలు అయ్యాయో లేదో గాయకుడు స్టీవెన్ టైలర్ స్వరపేటికకు దెబ్బ తగిలింది. దాదాపు ఏడాది ఎదురుచూసి, ఇక కోలుకోవడం సాధ్యం కాదని 2024 ఆగస్టులో యాత్రలకు స్వస్తి పలికారు. అర్ధశతాబ్దం పాడిన మనిషికి జనం ముందు నిలబడి చివరి నమస్కారం పెట్టే అవకాశమే దక్కలేదు. దానికి భిన్నంగా బ్లాక్ సబ్బాత్ బృందం గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్‌ను చూడండి. 2025 జులై 5న తన సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో, నడవలేని స్థితిలో సింహాసనం మీద కూర్చునే పాడి, బ్లాక్ సబ్బాత్ మొదటి నలుగురిలో మిగతా ముగ్గురితో కలిసి ముగించారు. సరిగ్గా పదిహేడు రోజుల తర్వాత, జులై 22న వెళ్లిపోయారు. ఆ రోజు చూసినవాళ్లకు అది జీవితాంతం మిగులుతుంది. 1983లో ఒక ఏడాది అదే సబ్బాత్‌లో పాడిన గిల్లన్‌కు ఈ తేడా ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

కనుక ఆగిపోవాలని కోరుకోవడం తప్పు కాదు, కెరటం గారూ. ఇంగ్లండులో ఒక తేదీ ప్రకటించి, గిల్లన్ గొంతు గిల్లన్ మాట వింటున్నప్పుడే ముగించాలని నేనైతే మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.


ప్రశాంతి ప్రయాణికురాలు, సీతమ్మధార

2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ రాక్ బృందం బెంగళూరుకు వచ్చినప్పుడు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లి చూసి వచ్చినదాన్ని. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. అదే ఏడాది డిసెంబరులో జర్మనీ బృందం స్కార్పియన్స్ షిల్లాంగ్‌లో పాడారు, సెలవు దొరకక వెళ్లలేకపోయాను. 2010లో వాళ్లు రిటైర్ అవుతున్నామని ప్రకటించినప్పుడు, ఆ సెలవు పెట్టనందుకు ఎంత ఏడ్చానో నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్లు మనసు మార్చుకుని 2025లో హానోవర్‌లో అరవై ఏళ్ల పండుగ కూడా చేసుకున్నారు. తేదీ ప్రకటించాలంటున్న నల్ల స్పీకరు గారికి నా విన్నపం ఒక్కటే: ప్రకటించిన తేదీలు అభిమానులను ఎంత ఏడిపిస్తాయో కూడా చూడండి.

గిల్లన్ విషయంలో మీరిద్దరూ అనని మాట ఒకటుంది. 'చైల్డ్ ఇన్ టైమ్' పాటలో ఆయన గొంతు మెట్టుమెట్టుగా పైకి వెళ్లి కేకగా మారే చోటు ఆ క్యాసెట్టులో మీరంతా విన్నదే. ఆ పాటను ఆయన ఇరవై ఏళ్లకు పైగా కచేరీల్లో పాడడం లేదు. జనం ఎంత అడిగినా పాడలేదు. శ్రుతి దించి, కోరస్ వెనక దాక్కుని ఆ పాటను నెట్టుకురావడం ఆయనకు పెద్ద పని కాదు, కానీ తాను పాడగలిగినట్టు పాడలేని పాటను పక్కన పెట్టేశారు. మన విద్వాంసులు వయసు పైబడ్డాక రెండో శ్రుతి నుంచి ఒకటిన్నరకు దిగుతారు, దానిని ఎవరూ ఓటమి అనరు. పాటలను ఒక్కొక్కటిగా విడుస్తూ వస్తున్న మనిషి విరమణ ఎప్పుడో మొదలుపెట్టినట్టేనని, అదీ ఎవరికీ చెప్పకుండా ఎంతో మర్యాదగా చేస్తున్నారని నేను అనుకుంటాను.

కంటిచూపు గురించి కెరటం గారు బాధపడ్డారు. మన విశాఖలో పెరిగి, విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేసిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్నతనం నుంచీ చూపు సరిగా లేదు. కమాను ఎక్కడ ఆనాలో ఆయన చేతికి తెలుసు, అందుకు కళ్ల సాయం అక్కరలేదు. గిల్లన్‌కు మైకు ఎక్కడుందో తెలియడానికి ముప్పై శాతం చూపు సరిపోతుంది. ఓపిక ఎంత మిగిలిందన్నది ఆయనకే తెలియాలి. ఆయనే చెబుతానన్నారు కూడా. 2024 జులైలో వచ్చిన 'ఈక్వల్స్ వన్' ఆల్బమ్ మీరింకా వినకపోతే, పాత వీడియోలతో పోల్చకుండా ఒకసారి వినండి. మెక్‌బ్రైడ్ గిటారుకూ ఎయిరీ ఆర్గన్‌కూ మధ్య జరిగే సంభాషణ వింటే, వీళ్లు అలవాటు కొద్దీ లాగుతున్నవాళ్లు కారని మీకే తెలుస్తుంది.


కెరటం, పెదవాల్తేరు

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ నిన్న సాయంత్రం మావయ్యకు చదివి వినిపించాను. ఆయనకు ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఇంజన్ గదుల్లో గడిపిన ఏళ్ల వల్ల వినికిడి బాగా తగ్గింది కనుక, ఒక్కొక్క పేరా చెవి దగ్గర నిదానంగా చదవాల్సి వచ్చింది. నల్ల స్పీకరు గారి మాటలకు తల ఊపారు, ప్రయాణికురాలు గారు రాసిన ద్వారం వారి సంగతిని రెండోసారి చదివించుకున్నారు.

అంతా విన్నాక ఆయన చెప్పిన సంగతి నేను ఇన్నేళ్లూ ఊహించనిది. యంత్రాల మోతకు చెవులు పాడైనవాళ్లకు ముందుగా పోయేది సన్నని, ఎత్తైన శబ్దాలేనట. గిల్లన్ పెట్టే ఆ పైస్థాయి కేకలు తనకు పదిహేనేళ్ల కిందటే వినపడడం మానేశాయనీ, అప్పటినుంచీ తాను వింటున్నది పేస్ డ్రమ్ములూ, గ్లోవర్ బేస్ గిటారూ, ఆర్గన్ కింది స్వరాలూ మాత్రమేననీ చెప్పారు. "నాకు ఆ గొంతు ఎప్పుడో రిటైరైపోయిందిరా, పాట మాత్రం ఆగలేదు" అన్నారు. నేను వీడియోలు చూసి ఎవరికోసం బాధపడుతున్నానో నాకే అర్థం కాలేదు. శ్రుతిపెట్టె గారూ, లయే ఆ బృందాన్ని మోసిందన్న మీ మాట మా ఇంట్లో అక్షరాలా నిజం.

తర్వాత ఆ క్యాసెట్టు పెట్టమన్నారు. అరచేయి స్పీకరు పెట్టె మీద ఆనించి డ్రమ్ముల ఘట్టం మొత్తం విన్నారు. మధ్యలో ఒకచోట కనుబొమలు ముడిచి, "ఇవాళ ఇతని చెయ్యి బరువుగా ఉందేమిటి, ఇలా ఉండేది కాదే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. గిల్లన్ గొంతు కూడా ఒక అర స్వరం కిందికి దిగినట్టుగా, కొంచెం ముసలిదైనట్టుగా వినిపించింది. 2014లో నీళ్లలో నానిన ఫలితం ఇప్పుడు బయటపడుతోందేమోనని దిగులుగా ఉంది. టేపు చెడిపోతుంటే దానిని కాపాడుకునే మార్గం ఏదైనా ఉందా?


నల్ల స్పీకరు, గాజువాక

టేపు చెడితే శబ్దం మసకబారుతుంది, మధ్యమధ్య తెగుతుంది, అంతేగాని పాట మొత్తం ఒకే తీరున శ్రుతి దిగదు. మీ డెక్కులో మోటారుకూ చక్రానికీ మధ్య ఉండే రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది. అది వదులైతే పట్టు జారి టేపు నెమ్మదిగా కదులుతుంది, లయా శ్రుతీ రెండూ కలిసి పడిపోతాయి. ఇది ఖాయం చేసుకోవాలంటే శ్రుతిపెట్టె గారు చెప్పిన ఆ స గ మ ఎత్తుగడను మోగించి హార్మోనియంతో పోల్చండి. షడ్జమం పాశ్చాత్య స్వరం జి దగ్గర పలకాలి, ఎఫ్ షార్ప్ దగ్గర పలికితే తప్పు బెల్టుదే.

బెల్టు మార్చేవరకు దయచేసి ఆ క్యాసెట్టును మళ్లీ పెట్టకండి, వదులు బెల్టు టేపును చక్రాల్లోకి లాక్కుని నమిలేయగలదు. నా దగ్గర మూడు నాలుగు కొలతల బెల్టులున్నాయి, హెడ్డు తుడిచే స్పిరిట్ కూడా ఉంది. ఆదివారం ఉదయం పది గంటలకు పెదవాల్తేరు వస్తాను. శ్రుతిపెట్టె గారు కూడా హార్మోనియంతో వస్తే వేగం సరిచేయడం తేలికవుతుంది. ఆ కచేరీ నాటికి పేస్‌కు ఇరవై నాలుగేళ్లు. మావయ్య గారిని స్పీకరు మీద చెయ్యి అలాగే ఉంచమనండి, ఇరవై నాలుగేళ్ల చెయ్యి ఎలా ఉండేదో అలాగే ఆయనకు తగలాలి.